సరంగు ఆగిన పూట

నమోదు – ఒకటి

ఈరోజు పొద్దున్న నా కంచంలో పప్పు తూర్పు వైపుకు జారింది.

వల్లి చేతిలో గరిటె అలాగే ఉంది. ఇద్దరం కంచం వంకే చూస్తూ ఉండిపోయాం. పప్పు అన్నం ముద్దని చుట్టుకుని అంచుదాకా వెళ్లి ఆగింది. ఊరు వాలిందన్నమాట. కాసేపటికి కింద పంపులు గుర్రుమన్నాయి, నేల సర్దుకుంది, పప్పు నెమ్మదిగా వెనక్కి వచ్చింది.

"మళ్లీనా! మీ సరంగుకి ఒంట్లో బాగోలేదేంటండీ?" అంది వల్లి.

"బాగానే ఉన్నాడు. కాస్త ఆలస్యంగా లేస్తున్నాడు, అంతే."

ఆ జవాబు నాకే నచ్చలేదు. ఆమె ఈల మెడలో వేసుకుని బడికి వెళ్లిపోయింది. వల్లి మా బడిలో డ్రిల్లు టీచరు.

సరంగు మనిషి కాదు. నీళ్లమీద తేలే మా ఊరు కొత్తలంకను సమంగా నిలబెట్టే సిస్టమ్. మా ఊరికి నాలుగు మూలలా, అడుగున నీళ్ల తొట్లున్నాయి. ఏ వైపు బరువు పెరిగినా, ఏ వైపు అల లేపినా, సరంగు అటు నీళ్లు ఇటు తోడి ఊరిని సరిచేస్తుంది. ఇప్పుడున్నది నాలుగో సరంగు. దాని ఆపరేటర్ని నేను, భానుమూర్తిని. తన పనుల గురించి అది తనే రాసుకుంటుంది. అది రాయలేనివి నేను రాయాలని నియమం. అందుకే ఈ రాత.

మధ్యాహ్నం తీర కేంద్రం నుంచి కబురొచ్చింది. ఐదో సరంగు సిద్ధమైందట. ఈ ఏటి నుంచి నాలుగోదానికి వాతావరణ సమాచారం పంపరట. మార్చుకుంటారో లేదో తుఫాన్ల కాలం రాకముందే చెప్పమన్నారు.

ప్రెసిడెంటు రాజ్యంగారు కంట్రోలు గదికి వచ్చి, ఆ కబురు నిలబడే చదివారు.

"మూర్తిగారూ, నాకు దీని లోపలి సంగతులు తెలీవు. ఊళ్లో ఎవరికీ తెలీవు. మీటింగు పెడతాను గానీ, అందరూ మీ మొహమే చూస్తారండి. మీరు ఏదో ఒకటి తేల్చుకుని రండి."

నమోదు – రెండు

వీరభద్రం బాబాయ్ దగ్గరికి వెళ్లాను. మాకు చుట్టరికమేమీ లేదు. నాకు ముందు ఆపరేటరు ఆయనే, ఈ పని నాకు నేర్పిందీ ఆయనే. ఎండలో ఉప్పుచేపలు తిరగేస్తున్నారు. నన్ను చూసి గోనె పట్టా ఇటు జరిపారు. కూర్చోకముందే నా మొహం చదివేశారు.

"ఐదోదాని గురించేనా?"

"అవును బాబాయ్."

"వద్దురా."

ఒక చేప తిరగేసి మళ్లీ అన్నారు. "నాలుగోదంటే నాకు ప్రేమని చెప్పట్లేదు. ప్రేమే, కాదన్ను. నైరుతి లంగరు గొలుసు తెగిపోయిన తుఫాను నీకు గుర్తుండదు, చంటాడివి. గొలుసు తెగిందని దానికెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. ఊరు లాగుడు బట్టి తనే పసిగట్టేసి, ఆ మూల తొట్టి నింపేసింది. అంత గాలిలో మా వదిన పురుడు పోసుకుంది. మంత్రసాని వేడినీళ్ల గిన్నె పక్కన పెట్టుకుని కూకుంటే, గిన్నెలో నీళ్లు ఒలకలేదు."

ఆ కథ నేను చాలాసార్లు విన్నాను. విన్న ప్రతిసారీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. మనిషి చేసిన వస్తువు మనుషుల్ని అంత జాగ్రత్తగా పట్టుకోవడం నాకు ఎప్పటికీ పాతబడని సంగతి.

"మరి భయమెందుకు బాబాయ్?"

"ఆపడానికిరా. ఐదోది ఎక్కాలంటే నాలుగోది దిగాలి. రెండిటికీ ఒకటే చోటు. దిగాక మళ్లీ ఎక్కదు. ఐదోది ఎక్కనంటే? అప్పుడు సముద్రం మధ్యలో ఇంతమందిమి ఏం పట్టుకుని నిలబడతాం?"

నేను లేచాను.  వెళ్తుంటే ఎండిన చేపలు కొన్ని ఆకులో చుట్టి ఇచ్చారు.

నమోదు – మూడు

ఈరోజు సంత పడవలు పడమటి రేవుకు వచ్చాయి. ఉల్లిపాయలు దొరికి చాలా రోజులైంది. జనం ఒక్కసారిగా అటు పరిగెత్తారు. ఊరు పడమరకు ఒరిగింది.

నాలుగో సరంగు లెక్క మొదలెట్టింది. నేను స్క్రీన్ ముందే ఉన్నాను. ఇల్లిల్లూ, పడవ పడవా, గుంపు గుంపూ తూకం వేసుకుంటూ వెళ్తోంది. ఆ లెక్క పూర్తయ్యేసరికి జనం సంచులు నింపుకుని ఇళ్లకు తిరిగొస్తున్నారు. అప్పుడు పంపులు మొదలయ్యాయి. ఊరు తూర్పుకు మొగ్గింది.

తూర్పు వీధిలో సత్యవేణి బజ్జీల మూకుడు బోల్తాపడింది. నూనె ఆమె ముంజేతి మీద పడింది. ఆసుపత్రిలో చూసివచ్చాను. చెయ్యి దక్కుతుందట, మచ్చ మాత్రం పోదట.

"నేనే సరిగ్గా పెట్టుకోలేదేమోనండి మూకుడు" అంది నాతో. "సరంగుని ఏమనకండి. పాపం, అది మాత్రం ఏం చేత్తాది."

 ఆ కాలిన చేతికి కారణం మూకుడు కాదు, సత్యవేణి కాదు. నాలుగోది కూడా కాదు. దానికి అప్పజెప్పిన ఊరు చిన్నది. ఇప్పుడు అది మోస్తున్న ఊరు దానికి రెండింతలు. ఆ ముసలి సిస్టమ్ ఒక్క ఇంటినైనా వదిలెయ్యకుండా లెక్క వేస్తోంది. అందుకే ఆలస్యం.

నమోదు – నాలుగు

రేడియోలో ఉప్పులంక అనే మరో తేలే ఊరి ఆపరేటరు షమీమ్‌తో మాట్లాడాను. వాళ్లు నిరుడే మార్చుకున్నారు.

"ఎలా ఉందమ్మా?"

"అన్నయ్యా, చెప్తే నమ్మవు. అల రాకముందే పంపులు మొదలెడతాది. మొదట్లో పాడైందేమో అనుకుని హడిలిపోయాం. ఇప్పుడు మా పిల్లలు పంపుల చప్పుడు విని, 'అదుగో పెద్ద అల వస్తోంది' అని చెప్తున్నారు."

"ఆపినప్పుడు ఏం చేశారు?"

"మమ్మల్ని లాంచీలు కట్టి పాయలోకి లాక్కెళ్లారు కదా. అక్కడ నీళ్లు కదలవు. ఒక పూట పట్టింది."

మా ఊరు పాయ ముఖద్వారంలో పట్టదు. పెరిగిన ఊరు కదా. మార్చుకుంటే ఇక్కడే, నడి సముద్రంలోనే మార్చుకోవాలి. ఒక పూటంతా ఊరిని ఎవరో ఒకరు పట్టుకోవాలి. చేతి పంపులు ఈశాన్య, వాయవ్య మూలల్లోనే ఉన్నాయి. అవి చాలవు.

ఆ సంగతి వల్లితో చెప్పాను. ఆమె బడి పిల్లల జెండాలు ఉతికి తాడుమీద ఆరేస్తోంది. సగం ఆరేసి ఆగిపోయింది.

"సంతనాడు ఊరు ఒరిగింది దేనికండీ?"

"జనం అటు పరిగెత్తారు కాబట్టి."

"మరి జనమే ఒరిగించగలిగినప్పుడు, జనమే నిలబెట్టలేరా?"

నేను నవ్వబోయాను. నవ్వు రాలేదు. ఆమె చెప్పింది నిజం. ఇన్నేళ్లుగా ఊరి జనం బరువుని సరంగు తీర్చాల్సిన ఇబ్బందిగానే లెక్కేసిన నాకు, ఆ బరువుని వాడుకోవచ్చని తోచనేలేదు.

నమోదు – ఐదు

వల్లి ఈరోజు బడి పిల్లలతో పరీక్ష చేసింది. పిల్లలందరినీ ఆటస్థలంలో దక్షిణం వైపు నిలబెట్టి, ఈల ఊది, ఉత్తరానికి నడిపించింది. పరిగెత్తనివ్వలేదు. "పరిగెడితే ఊరు ఊగుతాది, నడిస్తే ఊరు మాట వింటాది" అని అరుస్తోంది. నేను మధ్య బురుజు మీద రసమట్టం పెట్టుకుని కూర్చున్నాను. గాజు గొట్టంలో బుడగ కదిలింది. కొంచెమే, కానీ కదిలింది. వెంటనే నాలుగో సరంగు కంగారుపడి పంపులు వేసింది. పిల్లలు ఘొల్లున నవ్వారు.

వీరభద్రం బాబాయ్ గోడకు ఆనుకుని అంతా చూశారు.

"బాగుందిరా సర్కసు. రోజంతా ఆడిత్తారా?"

అని వెళ్లిపోయారు. వల్లి ఆయన వెళ్లినవైపే చూస్తూ, "ఆయన రాకపోతే పెద్దవాళ్లెవరూ రారండీ" అంది.

నమోదు – ఆరు

మీటింగు సంత మైదానంలో పెట్టారు. బాబాయ్ ముందు మాట్లాడారు. నాతో చెప్పినవన్నీ చెప్పారు, ఒక్క మాట పెంచలేదు, తగ్గించలేదు. జనం తలలూపారు. నాకు కూడా ఆయన చెప్పిందే నిజమనిపించింది. ఆ నిజానికి పక్కనే ఇంకో నిజం కూడా ఉంది. దాన్ని చెప్పడానికి లేచాను.

"బాబాయ్ చెప్పిన భయం నాకూ ఉంది. ఆపితే ప్రమాదం ఒక పూట. ఆపకపోతే రోజూ ప్రమాదమే. నాలుగోది మనల్ని మోసి మోసి అలిసిపోయింది. ఒక్క పూట మనం దాని పని చేద్దాం. మార్చుకుందామనే నా మాట."

అంతకన్నా బాగా మాట్లాడటం నాకు రాదు. చేతులెత్తమన్నారు. మార్చుకుందామన్న చేతులు కొంచెమే ఎక్కువ లేచాయి.

మైదానం ఖాళీ అవుతుంటే బాబాయ్ నా దగ్గరికి వచ్చారు. కోపంగా ఉంటారనుకున్నాను.

"నేను వద్దన్నాను. ఊరు కావాలంది. ఇంక వద్దన్న మాట నా నోట రాదు. నాకేం పని చెప్తావో చెప్పు."

"బురుజు మీద రసమట్టం చూడాలి బాబాయ్. ఎటు వాలుతోందో వల్లికి చెప్పాలి. ఆవిడ జనాన్ని నడిపిస్తుంది."

"సరే. ఒక్కటడుగుతాను. నాలుగోదాన్ని మాత్రం నన్నే ఆపనియ్యి."

ఓడిపోయిన వాదనని అంత శుభ్రంగా కింద పెట్టేసిన మనిషిని నేనింకొకర్ని చూడలేదు. మర్నాటి నుంచి వీధి వీధికీ తిరిగి, ఎవరు ఎక్కడ నిలబడాలో వల్లి పక్కన ఉండి చెప్పారు. రాననుకున్న పెద్దవాళ్లంతా వచ్చారు.

నమోదు – ఏడు

అనుకున్నరోజు గాలి లేదు. పొద్దున్నే పొయ్యిలు ఆర్పేశారు. మేకల్ని కట్టేశారు. నడవలేని ముసలివాళ్లని కుర్చీలతో సహా మధ్య వీధిలోకి తెచ్చారు. మిగిలిన ఊరంతా వీధుల వారీగా తమ తమ చోట్ల నిలబడింది.

బాబాయ్ చెప్పులు బయట విడిచి కంట్రోలు గదిలోకి వచ్చారు. మీట మీద చెయ్యి పెట్టి కాసేపు ఉంచారు. "ఇంక మేం చూసుకుంటాంలే" అని మెల్లగా అని, నొక్కారు.

పంపుల చప్పుడు ఆగింది. పుట్టినప్పటి నుంచి ఆ చప్పుడు మా చెవుల్లో ఉంది. అది ఆగాకే తెలిసింది, అంతకాలం దాన్ని వింటున్నామని. బయట ఎక్కడో ఒక పసిపిల్ల ఏడుపందుకుంది. బాబాయ్ కళ్లు తుడుచుకుని బురుజెక్కడానికి వెళ్లారు.

నేను ఐదోదాన్ని ఎక్కించడం మొదలెట్టాను. కిటికీలోంచి అంతా కనిపిస్తోంది. బాబాయ్ బురుజు మీంచి "ఆగ్నేయం దిగుతోందమ్మా!" అని అరుస్తారు. నీళ్ల ట్యాంకు మీద నిలబడి వల్లి జెండా ఊపి ఈల ఊదుతుంది. రెండు వీధుల జనం కదులుతారు. నడుస్తారు, ఒక్కరూ పరిగెత్తరు. ఊరు నెమ్మదిగా లేస్తుంది. మళ్లీ "చాలు, చాలు, ఇద్దరు ముగ్గురు వెనక్కి రండి!" అంటారు. ఎండెక్కింది. మజ్జిగ బిందెలు నడిచే మనుషుల మధ్యే చేతులు మారుతున్నాయి. తాగడానికి కూడా ఎవరూ వరస తప్పలేదు. నా పని ఆపి మరీ ఒక్క క్షణం వాళ్లని చూడకుండా ఉండలేకపోయాను. ఈ ఊరిని ఇన్నాళ్లూ ఒక యంత్రమే మోస్తోందనుకున్నాను.

మధ్యాహ్నం దాటాక ఐదోది ఆగిపోయింది. స్క్రీన్ మీద ఒక ప్రశ్న. వార్తలు చదివే గొంతుతో పైకి కూడా చదివింది.

"వాయవ్య మూల పంపు నుంచి సమాధానం లేదు. దానిని వదిలి కొనసాగించమంటారా? లేక వేచి ఉండమంటారా?"

వాయవ్యం పంపు ఊరితో పాటు పుట్టింది, అన్నిటికన్నా పాతది. కొత్త సిస్టమ్‌కి దాని భాష తెలియదు. వేచి ఉంటే ఎంతసేపో తెలియదు. వదిలేస్తే ఊరికి ఒక కాలు లేనట్టే. అప్పుడే దక్షిణాన నీళ్లు నల్లగా మారడం కనిపించింది. ఎక్కడో దూరాన పుట్టిన అలల వరస మావైపు వస్తోంది.

గుమ్మం బయటికి పరిగెత్తాను.

"బాబాయ్! వాయవ్యం పలకడం లేదంటోంది! వదిలేద్దామా?"

ఆయన పైనుంచి నన్ను చూశారు, దక్షిణాన్నీ చూశారు.

"నన్నడక్కురా! కుర్చీలో ఉన్నది నువ్వు!" అని అరిచి, మళ్లీ అన్నారు. "నువ్వేది చేసినా ఆ మూల మేం మోత్తాం!"

వల్లి అప్పటికే జెండా తిప్పేసింది. మూడు వీధుల జనం వాయవ్యం వైపు కదిలారు. చేపల పడవల వాళ్లు అక్కడి చేతి పంపు అందుకున్నారు.

లోపలికి వచ్చి, "వదిలెయ్" అన్నాను.  దానికి అర్థమైంది.

తరవాత కొంతసేపు ఏమీ జరగలేదు. నేను కిటికీలోంచి దక్షిణం వైపే చూస్తున్నాను. మొదటి అల ఇంకా దూరాన ఉండగానే దక్షిణపు పంపులు గుర్రుమన్నాయి.

అల రాకముందే!

దక్షిణం వైపు ఊరు చిన్నగా కుంగింది. జనం కెవ్వుమన్నారు. అంతలో అల కిందికి దూరి, ఆ కుంగినంతమేరా లేపింది. ఊరు చదునుగా నిలిచింది. రెండో అల, మూడో అల అలాగే దాటిపోయాయి. అప్పుడు ఊరి మైకులన్నీ ఒక్కసారి పలికాయి.

"వాయవ్య మూలలో నిలబడినవారు దయచేసి కదలకండి. మీ బరువు లెక్కలోకి తీసుకోబడింది."

 తరవాత వాయవ్యం మూలనుంచి ఎవరో, "చిత్తమండీ!" అన్నారు. నవ్వులు వీధి నుంచి వీధికి పాకాయి. ఏడుస్తూ నవ్విన వాళ్లే ఎక్కువ.

నేను బురుజెక్కాను. బాబాయ్ రసమట్టం మీద వంగి ఉన్నారు. బుడగ మధ్య గీతల నడుమ కదలకుండా ఉంది.

"ముందే చూసిందిరా" అన్నారు. "నాలుగోది వచ్చినదాన్ని మోసేది. ఇది రాబోయేదాన్ని మోత్తంది." తలెత్తి నన్ను చూసి, "నేను వద్దన్నాను చూడు" అని నవ్వేశారు.

నమోదు – ఎనిమిది

ఐదోది ఎక్కిన మర్నాడే బాబాయ్ కంట్రోలు గదికి వచ్చారు. చూసిపోవడానికనుకుని నా కుర్చీ ఇవ్వబోయాను. ఆయన పక్కనున్న ఎత్తుపీట లాక్కున్నారు. పని నేర్చుకున్నన్నాళ్లూ నేను కూర్చున్న పీట అది.

"నాకు నేర్పు."

"ఏంటి బాబాయ్?"

"ఇది ఎలా నడుత్తాదో. వాయవ్యం పంపు సంగతి దీనికి చెప్పాలంటే ముందు దీని సంగతి నాకు తెలియాలి కదా."

మొదటిరోజు మీటలు తారుమారు చేశారు. రెండోరోజు దాన్ని రెండుసార్లు తిట్టారు. అది "క్షమించండి, మీ మాట అర్థం కాలేదు" అంది. "నీది కూడా నాకు అర్థం కాలేదు, ఇద్దరికీ చెల్లు" అన్నారు. అడిగిందే మళ్లీ అడగడానికి సిగ్గుపడలేదు. నేను విసుక్కున్నప్పుడు, "నీకు నేర్పేటప్పుడు నేనూ ఇలాగే విసుక్కున్నాను, పర్లేదు" అన్నారు. తనకన్నా గొప్పదాన్ని చూసినప్పుడు ముఖం తిప్పుకోకుండా దాని ముందు పీట వేసుకుని కూర్చోవడం అందరికీ చేతనయ్యే పని కాదు. ఆ వయసులో అసలే కాదు.

నెల తిరగకముందే వాయవ్యం పంపు ఐదోదానితో మాట్లాడింది. పంపులో తుప్పు పట్టి మూగబోయిన భాగాన్ని విప్పి, ఆయన తన చేత్తో మార్చారు. ఏ మాటకి ఏ జవాబు చెప్పాలో నేను సిస్టమ్‌కి రాశాను. ఆపరేటర్ల పట్టీలో ఇప్పుడు రెండు పేర్లున్నాయి.

నమోదు – తొమ్మిది

తుఫాను వచ్చింది. పొద్దున్నుంచి ఆకాశం ఇనుపరేకులా ఉంది. వాన అడ్డంగా కొడుతోంది. నా పని మధ్యాహ్నంతో అయిపోయి, బాబాయ్ వంతు మొదలైంది. ఆయన తడిసిన తువ్వాలు పిండి ఆరేసి, కుర్చీలో కూర్చున్నారు.

"నేనుంటాను బాబాయ్, ఇవాళ్టికి."

"ఎందుకు? అన్నం తినలేదు కదా, పో."

నేను గుమ్మంలోనే నిలబడ్డాను. ఆయన నన్ను మర్చిపోయి స్క్రీన్ వైపు వంగారు.

"ఏమ్మా, ఆ వచ్చేది పెద్దదేనా?"

"పెద్దదే. నైరుతి తొట్టి నింపడం మొదలుపెడుతున్నాను. మీరు సరేనంటారా?"

"కొంచెం ఆగి నింపు. దాని వెనక ఇంకోటుంది, చూసుకో."

అది ఒక్క క్షణం ఆగింది. "చూశాను. మీరన్నది సరైనది."

పంపులు గుర్రుమన్నాయి. నేను తలుపు దగ్గరగా వేసి వానలోకి దిగాను. గాలికి మనిషి ఊగుతున్నాడు గానీ, కాళ్లకింద ఊరు ఊగడం లేదు.

వల్లి తలుపు తీసి నన్ను చూసి నిర్ఘాంతపోయింది. ఇన్నేళ్లలో తుఫాను వేళ నేను ఇంట్లో ఉండడం ఇదే మొదలు.

"అక్కడెవరున్నారండీ?"

"బాబాయ్."

 తల తుడుచుకోమని పొడి తువ్వాలు అందించి, నాకు కంచం పెట్టింది.